డేటా షీటు దొరికింది, చదివామా?

పాత ఇంజినీర్లను కదిలిస్తే డేటా బుక్కుల ముచ్చటే చెబుతారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు 1973లో వేసిన టీటీఎల్ డేటా బుక్కు లాంటిది లైబ్రరీలో వుంటే అదే గొప్పట. కావలసిన పేజీని కూర్చుని చేత్తో రాసుకునేవారట.

మన కళాశాల పుట్టింది 2007లో. అప్పటికే కంపెనీలు తమ షీట్లను ఇంటర్నెట్టులో పెట్టేశాయి. జగిత్యాల బస్టాండులో నిలబడి సెల్‌ఫోనులో నంబరు కొడితే చాలు, అమెరికా కంపెనీ షీటు ఉచితంగా మన చేతికొస్తుంది. ఇది చిన్న మేలు కాదు. పాత బుక్కులు మళ్లీ రావాలని నేననను. కాని మిత్రులారా, దొరకడం తేలికయ్యాక మనం చదవడం మానేశాం. ఈ నేరంలో మొదటి ముద్దాయిని నేనే.

మాది సిరిసిల్ల. సాంచె మీద పోగు తెగితే దీపం వెలిగే సర్క్యూటును ప్రాజెక్టుగా తీసుకున్నాను. హైదరాబాదు కోఠీ నుంచి తెచ్చిన ట్రాన్సిస్టరు మీద 'పీ2ఎన్2222ఏ' అని వుంది. నేను వెతికింది 2222 అని మాత్రమే. మొదట వచ్చిన షీటులో కాళ్ల బొమ్మ చూసి సాల్డర్ చేసేశాను. పోగు తెగకుండానే దీపం మసకగా వెలిగింది! రెండు రాత్రులు వైర్లన్నీ పీకి మళ్లీ కలిపాను. ఫలితం లేదు.

మా సారు చూసి ఒక్కటే అడిగారు: "ఇది ఏ కంపెనీదో చూసినవా?"

నేను చూసింది 'పీఎన్2222ఏ' షీటు. చదును ముఖం మనవైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే దాని కాళ్లు ఎమిటర్, బేస్, కలెక్టర్. నా చేతిలో వున్నదానికి కలెక్టర్, బేస్, ఎమిటర్. పేరులో ఒక్క అంకె తేడా, కాళ్లు తారుమారు. ఎమిటర్-బేస్ మధ్య ఎదురు వోల్టేజి 6 దాటరాదని గరిష్ఠ పరిమితుల పట్టికలో వుండనే వుంది. నా సప్లై 12 వోల్టులు.

ఆ రోజుల్లో బుక్కు అట్ట మీదే కంపెనీ పేరు కనిపించేది. చేత్తో రాసుకునేవాడు పట్టిక కూడా చదవక తప్పేది కాదు. ఇప్పుడు ఆ జాగ్రత్త మనమే పడాలి.

విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ల్యాబులో వాడే ఇరవై ముప్పై విడిభాగాలకు, మన దగ్గరున్న సరుకు ఏ కంపెనీదో ఆ కంపెనీ షీట్లే ప్రింటు తీసి, ఫైలు కట్టి బల్ల మీద పెడదాం. ఖర్చు జిరాక్సు డబ్బులే. వైవాలో ఆ పట్టికల నుంచి ఒక్క ప్రశ్నయినా అడగాలని లెక్చరర్లను కోరుతున్నాను.

సాంచె నడిపే మనిషికి మన మార్కులతో పని లేదు. పోగు తెగినప్పుడే దీపం వెలగాలి, అంతే.