ఇంటి లెక్కలు: అద్దె వస్తోందిగా, ఇంకేం!



పోయినవారం మా అత్తయ్య గుంటూరు నుంచి ఫోన్ చేసి, "హారిసన్ ఇంటికి వారానికి 600 డాలర్లు వస్తున్నాయిగా, చిన్నాడి అప్పు కొంత తీర్చకూడదూ?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. అక్కడ అద్దె అంటే చేతికొచ్చేదే. వాళ్లు ఖాళీ చేసినప్పుడు రంగులు వేయిస్తే సరి.

ఏడాదికి 31,200. అందులోంచి బ్యాంకు వడ్డీ, ఏజెంటు కమిషన్, రేట్స్, ఇన్సూరెన్స్, టౌన్‌హౌస్ కదా, బాడీ కార్పొరేట్ కూడా. ఇవి మీకు తెలిసినవే. కొత్తగా కొన్నవాళ్లు లెక్కలో మర్చిపోయేది ల్యాండ్ టాక్స్. పక్కనే న్యూసౌత్‌వేల్స్‌లో భూమి విలువ ఒక పరిమితి దాటితేనే వేస్తారు. మన ఏసీటీలో అద్దెకిచ్చింది ఒక్క ఇల్లే అయినా మూడు నెలలకోసారి బిల్లు వస్తుంది. 2018 జులై నుంచి ఖాళీగా ఉంచినా తప్పదు.

కిందటి జులైలో హాట్ వాటర్ పోయింది. కాన్‌బెర్రా జులై సంగతి చెప్పాలా, పొద్దున్నే గడ్డి మీద తెల్లగా మంచు. మా ఆయన "మూడు కొటేషన్లు తీసుకుందాం, తొందరేంటి" అన్నారు. అద్దెకున్న వాళ్లకి నెలల పిల్ల. "మన పాపకైతే ఆగేవాళ్లమా?" అన్నాను. మర్నాడే కొత్తది పెట్టించాం, రెండు వేలు దాటింది. మనం పలక్కపోతే అర్జెంటు రిపేరు వాళ్లే చేయించుకుని, ఏడాది అద్దెలో 5 శాతం దాకా మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. మా ఇంటికి అది 1,560. దానికి భయపడి చేయించామని కాదు లెండి.

అసలు దెబ్బ టాక్స్ దగ్గర తగిలింది. పాతదాంట్లో ఎలిమెంట్ మార్చి ఉంటే అది రిపేరు, ఖర్చంతా ఆ ఏడే చూపించుకోవచ్చు. మొత్తం హీటర్ మారిస్తే డిప్రిసియేషన్ కింద ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తీసుకోవాలి. మెల్‌బోర్న్ నుంచి ఇల్లు చూడ్డానికి వెళ్లొచ్చిన పెట్రోలు రసీదులు దాచాను, పనికిరాలేదు. 2017 జులై నుంచి ఆ ప్రయాణ ఖర్చులు ఒప్పుకోరట.

ఇంకోటి. అద్దె ఇళ్లలో సీలింగ్ ఇన్సులేషన్ ఆర్2 కన్నా తక్కువుంటే ఆర్5కి పెంచాలి, గడువు 2026 నవంబర్ 30. మన హారిసన్ ఇళ్లు మరీ పాతవి కావు, ఉండే ఉంటుంది. కానీ పైకెక్కి చూసిందెవరు? ఈ వారమే ఏజెంటుని అడగండి.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి, ఫోటో తీసి అత్తయ్యకి పంపాను. సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది: "అయితే ఆ ఇల్లు ఎందుకమ్మా మరి?" మా ఆయనకి వినిపించాను. ఆయనింకా ఏం చెప్పలేదు.