పదిహేనేళ్ళవాడికి రక్తపుపోటా?

వైద్యవ్యాసాలను తెలుగు చేసేటప్పుడు నన్ను మిక్కిలి ఇబ్బందిపెట్టిన మాట 'రక్తపుపోటు'. గుండె తోడిపోసిన రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడికి ఆ పేరు. ఆ మాటకు వస్తే, రక్తపుపోటు లేనిదే మనిషి బ్రతకడు. కాని మనం దానిని జబ్బు పేరుగా వాడుకుంటున్నాము. "ఆయనకు బి.పి. ఉన్నదట" అంటాము. అది నలభై దాటినవారి ఇంటికి వచ్చే చుట్టమనీ, పిల్లల జోలికి రాదనీ నమ్ముతాము.

నిరుడు మా మేనల్లుడు ఈ నమ్మకాన్ని వమ్ముచేశాడు. వాడికి పదిహేనేళ్ళు, పదవ తరగతి. బడిలో జరిగిన వైద్యపరీక్షలో పోటు 138/86 అని చీటీ వ్రాసి ఇచ్చారు. మా అక్క అది చూసి, "మీసమైనా మొలవనివాడికి బి.పి. ఏమిటిరా! ఆ యంత్రమే చెడిపోయి ఉంటుంది" అని నవ్వింది.

ఆమె సందేహం పూర్తిగా నిరాధారమైనది కాదు. భయపడినా, పరుగెత్తివచ్చినా పోటు పెరుగుతుంది. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువగా కనిపిస్తుంది. అందుచేత ఒక్క పరీక్షతో నిర్ణయానికి రారాదు. అమెరికా బాలవైద్యుల అకాడమీ 2017లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, పదమూడేళ్ళు నిండినవారికి 120/80 కన్న తక్కువ ఉండడం సహజం. మూడు వేర్వేరు పర్యాయాలు కొలిచినప్పుడు పై అంకె 130 గాని, క్రింది అంకె 80 గాని చేరితే అది అధిక రక్తపుపోటు. మావాడిని మూడుసార్లు నెమ్మదిగా కూర్చోబెట్టి కొలిచారు. ఒక్కసారి కూడా పై అంకె 130కి దిగలేదు.

అప్పుడు వైద్యుడు వేసిన ప్రశ్నలే మాకు పాఠాలయినవి.

"పుట్టినప్పుడు బరువెంత?" నెలలు నిండకుండా గాని, తక్కువ బరువుతో గాని పుట్టిన శిశువుల మూత్రపిండాలలో రక్తాన్ని వడపోసే భాగాలు తక్కువగా ఏర్పడతాయి. అట్టి పిల్లలు తరువాత త్వరత్వరగా లావెక్కితే ప్రమాదం మరింత హెచ్చు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా?" మా బావగారు మూడేళ్ళుగా మాత్రలు మింగుతున్నారు.

మూడవది బరువు. కౌమారంలో పోటు పెరగడానికి స్థూలకాయం ప్రధాన కారణాలలో ఒకటి. బొద్దుగా ఉన్నాడని మేమందరం మురిసిపోతూ ఉండేవాళ్ళం!

నాలుగవది ఉప్పు. పెద్దలకే రోజుకు 5 గ్రాములకన్న తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఊరగాయ, అప్పడాలు, చిప్స్, నూడుల్స్ కలిస్తే ఆ హద్దు ఎప్పుడు దాటామో తెలియదు. పొట్లంపై అచ్చువేసిన 'సోడియం' అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క తేలుతుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు.

ఇక నిద్ర, ఆట. ఈ వయస్సులో 8 నుంచి 10 గంటల నిద్ర, రోజుకు 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసే ఆట అవసరం. మావాడికి వేకువన ఐదు గంటలకే ట్యూషన్. రాత్రి పదకొండు దాకా పుస్తకాలు, ఆపైన సెల్‌ఫోను. పొగాకు, ఎనర్జీ డ్రింకులు, రాత్రివేళ గురక, స్టెరాయిడ్ మందుల గురించి కూడ వైద్యుడు అడిగారు.

"వాడికి తలనొప్పి అయినా లేదే!" అన్నది అక్క. భయపడవలసినది అందుకే. అమెరికాలోని బొగలూసా పట్టణంలో డాక్టర్ గెరాల్డ్ బెరెన్సన్ 1973లో ఒక అధ్యయనం ప్రారంభించారు. ప్రమాదాలవంటి కారణాలచేత చిన్నవయస్సులో మరణించినవారి ధమనులను అందులో పరిశీలించగా, కొందరిలో అప్పటికే కొవ్వు చారలు కనిపించాయి. బ్రతికుండగా పోటు, బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఆ చారలు మరింత హెచ్చు.

మావాడి మూత్రపిండాలలో లోపమేమీ లేదని తేలింది. వైద్యుడు మందు వ్రాయలేదు, అలవాట్లు మార్చమన్నారు. ఊరగాయ జాడీ అటకెక్కడం సులభంగానే జరిగింది. వేకువ ట్యూషన్ మాన్పించడానికి మాత్రం ఇంట్లో వారం రోజులు వాదం నడిచింది. మార్కులు పోతాయని బావగారి బెంగ. చివరకు అక్కే, "మార్కులు మళ్ళీ తెచ్చుకోవచ్చు" అని తేల్చివేసింది.

ఇప్పుడు వాడి పై అంకె 124. ఇంకా దిగవలసి ఉన్నది. మీ పిల్లల ఎత్తు, బరువు చూపించేటప్పుడు ఏడాదికొకసారి పోటు కూడ కొలిపించండి. "ఉన్నదా?" అని అడగకండి, అది అందరికీ ఉన్నదే. "ఎంత ఉన్నది?" అని అడగండి.