క్లచ్ దోషము – శల్యసారథ్యము

తిరువూరులో ఒక యువకుడు ఒకరు వాడి విడిచిన స్పోర్ట్సు కారును కొనెను. వాహనపూజ జరిగెను, చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగెను. ఆ సాయంకాలమే మేనమామను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అభ్యాసము ఆరంభించెను. పది అడుగులు కదలకమునుపే ఇంజను ఆగెను. మరల ఆగెను. మూడవమారు బండి కదిలినది గాని, ఇంజను ఎంత ఘోషించినను వేగము రాలేదు. కాలిన వాసన మాత్రము వచ్చినది. "నీ మనసుకు నిలకడ లేదురా, ఇది నీ వల్ల కాదు" అని మేనమామ తేల్చివేసెను. వారము తిరుగునప్పటికి మేనల్లుడును అదే నమ్మెను. కారు పెరటిలో టార్పాలిను క్రిందికి చేరెను.

ఆ తీర్పు కారునకు మాత్రమే పరిమితమైనది కాదు. జపమునకు కూర్చుండగానే కునికిపాట్లు వచ్చువానికి, ధ్యానమున మనస్సు నిలువక కుములువానికి పెద్దలు సాధారణముగా చెప్పుమాట ఇదియే. శ్రద్ధ లేదందురు, అర్హత లేదందురు. వాడు రాత్రి ఎన్ని గంటలు నిద్రించుచున్నాడో, దేహమున ఏ రోగమున్నదో అడుగువారు అరుదు. ఈ తీర్పు వలన సాధన విడిచినవారు ఎందరో!

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయ తృతీయవల్లిలోని రథరూపకము పాఠకులు ఎరిగినదే. ఆత్మ రథి, శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. ఉపన్యాసకులు పగ్గముపైననే గంటసేపు నిలుతురు. రథమును మాత్రము ఒక్క వాక్యముతో దాటివేయుదురు. శ్రుతి రథమును కూడ పేర్కొన్నది గదా! ఇరుసు విరిగిన రథమున కూర్చున్న సారథిని పగ్గము సరిగా పట్టలేదని నిందించుట వివేకమగునా?

క్లచ్ విషయమున ఈ వివేకము సాధ్యమే. ఇంజనుతో తిరుగు చక్రమునకును, స్ప్రింగుల బలముతో అదుము పళ్ళెమునకును నడుమ రాపిడి గల ప్లేటు ఒకటి ఉండును. పెడలు నొక్కిన వియోగము, వదలిన యోగము. శక్తి అధికముగా గల స్పోర్ట్సు కార్లలో ఆ స్ప్రింగులు గట్టివి, పెడలు బరువు. క్రొత్తవాని కాలు త్వరగా అలసి ఒక్కసారిగా వదలివేయును. అప్పుడు ఇంజను ఆగును. ఇది అభ్యాసముతో తీరవలసిన పాదదోషమే. కాని ఇంజను వేగము పెరుగుచున్నను బండి వేగము పెరగకుండుట ప్లేటు జారుటకు గుర్తు. పెడలు పూర్తిగా నొక్కినను గేరు గరగర శబ్దముతో పడుట, యోగమున్నచోట వియోగము సంపూర్ణముగా కలుగుట లేదనుటకు గుర్తు. ఈ రెండింటికి ఏ ఏకాగ్రతయు మందు కాదు. మేనమామ మూడు లక్షణములను ఒకే పేరున పిలిచెను.

భారతము ఈ విషయమున ఇద్దరు సారథులను చూపినది. వనపర్వమున బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణుని ఒక్క దినమున అయోధ్య నుండి విదర్భకు చేర్చవలసి వచ్చినపుడు, ముందుగా అశ్వశాలకు పోయి గుఱ్ఱములను పరీక్షించెను. అతడు ఎన్నుకొన్నవి బక్కచిక్కినవని రాజు శంకించినను, లక్షణము లెరిగిన నలుడు వాటినే పూన్చెను. అదియే అశ్వహృదయ విద్య. రెండవవాడు కర్ణుని సారథి యైన శల్యుడు. అశ్వవిద్యలో కృష్ణునితో సమానుడని పేరు పొందినవాడే. కాని రథమెక్కినది మొదలు కర్ణుని తేజోవధ చేసెను. శల్యసారథ్యమని తెలుగువారు నేటికిని అనుచున్నారు. ప్రక్క సీటులో కూర్చుండి అరచు ప్రతి మేనమామయు, శిష్యుని గద్దించుటయే బోధ యనుకొను ప్రతి గురువును ఆ పరంపరలోనివారే.

అయితే శిష్యుడు సర్వథా నిర్దోషి యని చెప్పుట కాదు. తిరువూరు నుండి మైలవరము మీదుగా విజయవాడకు పోయి ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డెక్కు కార్లను చూడవలెను. వాలుపై బండి ఆగినపుడు హ్యాండ్‌బ్రేకు వేయక, సగము నొక్కిన క్లచ్ మీదనే బండిని నిలుపువారు అనేకులు. హాఫ్ క్లచ్ కదలికకు ఆవశ్యకమే. అది లేనిదే ఏ బండియు మృదువుగా సాగదు. అచ్చటనే కాపురముండుట వలన ప్లేటు కాలును. పూర్తిగా సంసారమునను నిలువక, పూర్తిగా నివృత్తికిని రాక, ఇరువదేండ్లు నడుమ నిలిచి "అమ్మ దయ రాలేదు" అను భక్తునకు ఈ వాసన తెలియవలెను.

క్లచ్ పెడలు లేని కార్లు వచ్చుచుండగా ఈ విచారమెందుకని కొందరందురు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర తీరమున పందెమాడిన విద్యుత్ కార్లకు గేర్లు మార్చు పనియే లేదు. కాని తిరువూరు వీధులలో మూడు పెడళ్ళ బండ్లే నేటికిని అధికము.

వాహనపూజ విషయమునను ఒక మాట. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లును. అది పొందిన 30 దినములకు గాని పరీక్షకు అర్హత రాదు. అంతవరకు ముందు వెనుకల తెల్లని పలకపై ఎర్రని ఎల్ అక్షరము ఉండవలెను, లైసెన్సు గలవాడు ప్రక్కన ఉండవలెను. ఆ పలక కట్టుటకు సిగ్గుపడువాడు గుమ్మడికాయ కొట్టించుటకు సిగ్గుపడడు! పూజ అభ్యాసమునకు ఆరంభమే గాని దానికి బదులు కాదని హారతి పళ్ళెము పట్టువారే ముందుగా చెప్పుట యుక్తము.

పెరటిలోని కారును చివరకు షెడ్డుకు చేర్చిరి. మెకానిక్ ప్లేటు విప్పి చూడగా, రాపిడి పొర రివెట్ల దాక అరిగి యుండెను. పూర్వయజమాని పెడలుపై కాలు తీయకయే సంవత్సరముల తరబడి నడిపియుండవలెనని అతడు చెప్పెను. వాని పాదసంస్కారమునకు ఫలమును ఈ యువకుడు అనుభవించెనన్నమాట. క్రొత్త ప్లేటు వేసిన మరునాటి ఉదయము ఇంజను మరల రెండుమార్లు ఆగెను. మేనమామ ఏమియు అనలేదు. హ్యాండ్‌బ్రేకు ఎక్కడ పట్టవలెనో చేయి చాచి చూపెను.