మరమ్మతు: ఒక పాత బల్ల నేర్పిన పాఠం

పాత వస్తువును బాగుచేసుకొనడం మేలా, పారవేసి క్రొత్తది కొనడం మేలా అన్న ప్రశ్న ఈ సంవత్సరం ఒక బల్ల రూపంలో మా ముందుకు వచ్చినది. ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానం వెదకడంలో మేము చేసిన తప్పును, దానిని దిద్దుకొన్న విధానాన్ని తోటి విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం వారి ముందు ఉంచడం మా విధి అని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన గ్రంథాలయం వరండాలోని పొడవాటి టేకు బల్లను ఎరుగనివారు లేరు. ఇంటివద్ద చదువుకొనడానికి చోటులేని విద్యార్థులు తలుపులు మూసేవరకు దానిమీదనే కూర్చుంటారు. సాయంకాలపు బస్సుకై వేచియుండే విద్యార్థినులకు అదే ఆశ్రయం. దాని పేము అల్లిక తెగి కూర్చున్నవారి బట్టలు చిరుగుతుండగా, గత వార్షికోత్సవానికి ముందు దానిని నవీకరించుదమని మేమే ముందుకు వచ్చాము. చందాలు పోగుచేశాము. అల్లికను కోసివేసి, ఆ చోట ప్లైవుడ్ పలకను మేకులతో దిగగొట్టాము. దానిపై అంగుళం మందం స్పాంజి పరచి ఎర్రని రెక్సిన్ తొడిగాము. కాళ్ళకు, చేతులకు నీలిరంగు ఎనామిల్ పూశాము. ఉత్సవంనాడు అతిథులు మెచ్చుకొన్నారు. మేమూ పొంగిపోయాము.

ఆ పొంగు ఒక వర్షాకాలమైనా నిలువలేదు. పాత పాలిష్‌ను గీకివేయకుండా పూసినందున రంగు చెక్కను పట్టుకొనలేదు. మొదటి పూత ఆరకముందే రెండవది వేసినందున పైన పొరకట్టి లోపల పచ్చిగానే మిగిలినది. మొదట కూర్చున్నవారి దుస్తులకు నీలిమరకలు అంటినవి; తరువాత రంగు పొలుసులుగా రాలసాగినది. పలుచని స్పాంజి అణగిపోయి, క్రింది పలక గట్టిగా తగలసాగినది. మూలలవద్ద మడత సరిగా వేయనందున రెక్సిన్ చిరిగినది. ఒక మిత్రుడు దానికి “శిథిల సింహాసనం” అని పేరుపెట్టాడు. అందరితోపాటు మేమూ నవ్వాము. కాని చందా ఇచ్చినవారి ముఖం చూడలేకపోయాము.

చివరకు ఆ బల్లను, దానితోపాటు సామానుల గదిలోని తక్కిన పాత బల్లలను వేలంవేసి ప్లాస్టిక్ కుర్చీలు కొనవలెనన్న ప్రతిపాదన వచ్చినది. ఒక నెల గడువు ఇప్పించవలసినదిగా కోరాము. కార్యవర్గంవారు దయతో అంగీకరించారు.

ఊరిలో పరుపులు, సోఫాలు కుట్టే ఒక పెద్దాయనను ఆశ్రయించాము. ఆయన బల్లను తలక్రిందులు చేసి, ప్రతి కీలునూ తట్టి చూశారు.

“చాచా, ఇది బాగవుతుందా?” అని అడిగాము.

“చెక్కకు ఏ జబ్బూ లేదు బాబూ. మీ తొందరే దీనికి పట్టిన జబ్బు. మీరూ చేయివేస్తే బాగవుతుంది. నేనొక్కణ్ణే చేసిపోతే మళ్ళీ ఇట్లాగే పాడుచేస్తారు” అన్నారు.

పని 11 రోజులు సాగినది. మేకులు ఊడబెరకడానికే ఒక రోజు పట్టినది. గాజుపెంకులతో రంగును గీకి, గరుకు కాగితంతో చెక్క చార వెంబడి రుద్దాము. అడ్డంగా రుద్దితే గీతలు శాశ్వతంగా నిలిచిపోతాయని ఆయన హెచ్చరించారు. నీలిరంగు క్రింది నుండి తేనెరంగు టేకు బయటపడినప్పుడు మాకు కలిగిన సిగ్గును వర్ణించలేము. ఇంతటి చెక్కను కప్పిపెట్టడానికా మేము చందాలు వసూలు చేసినది! వదులైన కుసులను జిగురుతో బిగించి వెదురు మేకులు దిగవేశాము. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పలుచగా, పూత వెంట పూతగా ఎక్కించాము.

ఆసనం విషయంలో పలకను పూర్తిగా తీసివేయించారు. చట్రానికి నవారును నిలువుగా, అడ్డంగా అల్లి, తీగవలె మ్రోగేటట్లు బిగించారు. దానిపై గోనెపట్టా, ఆపై కొబ్బరిపీచు, ఆపై ఏకిన దూది, దూదిని అదిమిపట్టే ముతక గుడ్డ. అన్నిటిపైన వరంగల్ జంపఖానా ముక్క. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు తివాచీలను పంపిన ఊరి నేత మన బల్లకు దక్కినది. బరువును నవారు మోస్తుంది, ఆకారాన్ని పీచు నిలుపుతుంది, మెత్తదనాన్ని దూది ఇస్తుంది. ఒకదాని పని మరొకదానిపై మోపకపోవడమే ఇందులోని రహస్యం. మేము అన్ని పనులనూ ఒక్క స్పాంజిపై మోపాము.

ఆ పెద్దాయన దూదేకుల కుటుంబీకులు. తాతగారి దూదేకే విల్లు ఇంటిగోడకు వ్రేలాడుతున్నదనీ, ఇప్పుడు దూదిని యంత్రం ఏకుతున్నదనీ చెప్పారు. మాతో తెలుగులోనూ, ఉర్దూ విద్యార్థులతో ఉర్దూలోనూ మాట్లాడారు. చిత్రికకు వారు రందా అన్నారు. మరమ్మతు, కుర్చీ, మేజా, నవారు అన్న మాటలకు మాత్రం అనువాదం అవసరం కాలేదు. వేదికలమీద మనం తరచు చెప్పుకొనే భాషాసామరస్యం ఆ పనివాని నోట సహజంగా వినిపించినది.

ఇక్కడ మా మరొక తప్పునూ ఒప్పుకొనవలెను. ఇది కళాశాల పని అని చెప్పి ఆయన కూలిని తగ్గించమని బేరమాడాము. ఆయన మారుమాటాడక తగ్గించారు. మా పనికోసం పెండ్లి పరుపుల పని ఒకటి వదులుకొన్నారని తరువాత తెలిసినది. తగ్గించిన సొమ్మును తిరిగి పోగుచేసి ఇచ్చాము. చేతిపనిని పొగడుతూ చేతికి కూలి తగ్గించడం చదువుకొన్నవారికి శోభించదు. ఆయన కుమారుడు ఈ వృత్తిని వదలి ఆటో నడుపుకొంటున్నాడంటే తప్పు ఎవరిది?

ప్లాస్టిక్ కుర్చీలకు మేము విరోధులము కాము. అవి తేలిక, చవుక, కడుగుటకు అనుకూలం; సభలకు అవసరమే. పాతవన్నీ నిలుపవలెననీ అనము. చెదలు తిన్న చెక్కకు జంపఖానా కప్పడం ఆత్మవంచన. మా బల్లకు కూడ కొన్నేండ్లకు నవారు బిగించి, దూది మార్చవలసియుంటుంది. అయినను దీనికైన ఖర్చు, పోయిన సంవత్సరం మేము వృథాచేసిన చందా రెండూ కలిపినను క్రొత్త టేకు బల్ల ధరలో సగం కాలేదు.

కావున కార్యవర్గం వారికి మా విన్నపం మూడు మాటలు. వేలానికి ముందు ప్రతి బల్లనూ తెలిసిన పనివానిచేత పరీక్ష చేయించండి. బాగుపడదగిన వాటిని ఏటా రెండేసి చొప్పున విద్యార్థుల చేతిసాయంతో మరమ్మతు చేయించండి. పనివానికి న్యాయమైన కూలిని బడ్జెటులోనే కేటాయించండి. విద్యార్థి మిత్రులకు ఒక్క మాట: రంగుడబ్బా తెరవకముందు, ఆ వస్తువును చేసినవాడు దానిని ఎట్లా చేశాడో విచారించండి.

గడువు ముగిసిననాడు బల్లను వరండాలో తిరిగి వేశాము. ఆ సాయంకాలం బస్సుకై వేచియున్న విద్యార్థినులు దానిపై కూర్చున్నారు. లేచిన తరువాత తమ దుస్తులను వెనుదిరిగి చూసుకొన్నారు. మరకలు లేవు. మాకు అంతకు మించిన బహుమతి అక్కరలేదు.