డోరా సొరుగులోని ఖత్‌లు

వాల్టర్ సాలెస్ తీసిన బ్రెజిల్ సినిమా ‘సెంట్రల్ స్టేషన్’ (1998) గురించి ఎవరు చెప్పినా ఓ ముసలావిడ, ఓ యతీమ్ పిల్లాడు, వాళ్ల ముహబ్బత్ అంటారు. నాకు మాత్రం అది అమానత్ గురించిన సినిమా.

రియో రైల్వే స్టేషన్‌లో కూర్చుని చదువురాని వాళ్లకి ఖత్‌లు రాసిపెడుతుంది డోరా. రిటైరైన టీచరమ్మ. డబ్బులు తీసుకుంటుంది, పోస్ట్ మాత్రం చేయదు. ఇంటికి తీసుకెళ్లి, స్నేహితురాలితో నవ్వుకుంటూ చదివి, కొన్ని చింపేస్తుంది, కొన్ని సొరుగులో పడేస్తుంది. దుబాయ్‌కి, కువైట్‌కి మనుషుల్ని పంపిన ఇళ్లకి ఇదెంత జుల్మో వేరే చెప్పాలా? ఫోన్లు లేని రోజుల్లో మన అమ్మీలు ఎందరు పక్కింటి చదువుకున్న పిల్లని కూర్చోబెట్టి, షోహర్‌కి చెప్పాల్సిన దిల్‌లో మాట పరాయి చేత్తో రాయించుకోలేదు! ఆ పిల్ల ఆ ఖత్‌ని డబ్బాలో వేయకపోయి ఉంటే?

అలా ఖత్ రాయించుకున్న ఒకామె స్టేషన్ బయటే బస్సు కింద పడి చనిపోతుంది. కొడుకు జోజువె దిక్కులేనివాడవుతాడు. డోరా వాణ్ని అమ్మేసి టీవీ కొనుక్కుంటుంది. ఇక్కడే ‘తౌబా’ అని కట్టేసేవాళ్లుంటారు. ఆగండి. మర్నాడు వెళ్లి వాణ్ని లాక్కొస్తుంది. రహమ్‌తోనా? కాదు, భయంతో, సిగ్గుతో. నాకు నచ్చింది అదే. ఆమెని ఫరిష్తాగా చూపించరు. వాళ్ల అబ్బాని వెతుక్కుంటూ దేశం ఈశాన్యానికి బస్సుల్లో వెళ్తారు, పోట్లాడుకుంటూనే. పైసలైపోతే ఓ యాత్రాస్థలంలో మళ్లీ ఖత్‌లు రాస్తుంది. ఈసారి పోస్ట్ చేస్తుంది. వాళ్ల రిష్తా నిజంగా మొదలైంది అక్కడేనంటాను.

చివర్లో అబ్బా దొరకడు, ఆయన రాయించిన ఖత్ దొరుకుతుంది. పెద్ద కొడుకులు (ఒకడి పేరు మొయిజేస్, అంటే మన మూసానే) డోరా చేత చదివిస్తారు. అందులో లేని జోజువె పేరు ఆమె కలిపి చదువుతుంది. ఇదీ ఖియానతేనా? ఖత్‌లు దాచిన మనిషి ఇప్పుడు ఖత్‌లో లేనిది చదివింది కదా అని మీరనొచ్చు. నేను ఒప్పుకోను. అప్పుడు దాచింది తన తమాషా కోసం, ఇప్పుడు కలిపింది ఆ పిల్లాడికి ఒక ఇల్లు దొరకాలని.

డోరాగా ఫెర్నాండా మొంటెనెగ్రో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లారు. పిల్లాడు మాత్రం అప్పటిదాకా బూట్లు పాలిష్ చేసుకునేవాడు! మద్యం కనిపిస్తుంది, చిన్నపిల్లలతో చూసేవాళ్లు గమనించండి. భాష పోర్చుగీసు. నానీమాకి సబ్‌టైటిల్స్ ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఆ పని ఇంట్లో చదువుకునే పిల్లలకి అప్పజెప్పండి.