ఇటుకకు రెండో జన్మ

తార్నాకలో మా తాతగారు కట్టించిన ఇంటిని పడగొట్టి, ఆ జాగాలో నాలుగంతస్తులు లేపాలని మేం అన్నదమ్ములం తీర్మానించుకున్నాం. "యంత్రం తెస్తే రెండు రోజుల పని" అన్నాడు కాంట్రాక్టరు. పక్కన నిలబడ్డ ముసలి మేస్త్రీ గోడను చేత్తో తడిమి, "సున్నంతోటి కట్టిన గోడ సారూ! మెల్లగ తడితే ఇటుకకు ఇటుక ఊడొస్తది. అదే సిమెంటైతే ఇటుక పగుల్తది గని అతుకు ఊడది" అన్నాడు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సంధి కలపడమూ తెలుసు, విడదీయడమూ తెలుసు. కాని విడదీయడానికి వీలుగా కలపడం గొప్ప విద్య అని ఆ పూటే తెలిసింది.

పెద్దలు దీనికి చక్రీయ ఆర్థిక విధానమని పేరు పెట్టారు. వాడి పారేయకుండా, తిప్పి తిప్పి వాడుకోవడమన్నమాట. మన ఇళ్ళల్లో పాత చీర బొంతయి, బొంత మసిగుడ్డ అయినట్లే.

సాయంత్రం యూనివర్సిటీలో నడుస్తూ ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగాను. 1939లో ప్రారంభమైన గ్రానైటు భవనం. ఎన్ని తరాలు మారినా పాఠాలు అందులోనే. నిలిచినదాన్ని నిలవనివ్వడాన్ని మించిన పొదుపు లేదు. మా ఇంటికి ఆ భాగ్యం మేం కలిగించలేకపోయాం. కనీసం ఇటుకలనైనా బతికించాలనిపించింది.

"నెల ఆలస్యమైతే ఆ నెల అద్దె ఎవరిస్తారన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. నేనిస్తానన్నాను. మా ఆవిడ నావంక చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

నెల తిరిగేసరికి టేకు ద్వారబంధాలు, షాబాదు బండలు, ఇటుకలు వేరువేరు కుప్పలయ్యాయి. మిగిలినవి పెళ్ళలు. "రాత్రికి కుంటల పోసేస్త సారూ, సస్తాల అయిపోతది" అన్నాడు లారీవాడు. నగరంలో కుంటలు పూడేది ఇలాగే గదా! జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ శిథిలాలను నలగ్గొట్టి ఇసుక, కంకర తీసే కర్మాగారాలున్నాయి. కిరాయి ఎక్కువైనా అక్కడికే పంపాను. 2016 నాటి భారత ప్రమాణం ప్రకారం, పాత కాంక్రీటు కంకరను పునాది కింద పరిచే పల్చని కాంక్రీటులో నూటికి నూరు పాళ్ళూ వాడవచ్చు. ఇనుప చువ్వల కాంక్రీటులో మాత్రం 20 పాళ్ళు దాటరాదు. అదీ ఎం-25 రకం వరకే.

కొత్త ఇంటికి సిమెంటు కూడా ఏ వారానికావారమే తెప్పించాను. ముందే బస్తాలు పేర్చుకుంటే, వానకు గడ్డకట్టి మన డబ్బే రాయవుతుంది.

ఇప్పుడు మా గుమ్మం ముందు అరుగు మీద పరిచింది ఆ పాత షాబాదు బండే. నిన్న మా ఆవిడ దానిమీద కూచుని, "ఆ నెల అద్దె డబ్బుతో రెండు పట్టుచీరలొచ్చేవి" అంది.

"బండ చల్లగా ఉందా?" అన్నాను.

"ఉంది లెండి" అని, కాస్త పక్కకు జరిగింది.