ఓటు లేకున్నా ప్రతినిధి ఉన్నారు

హెచ్‌4 వీసా మీద అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు అమ్మాయికి పని అనుమతి కార్డు గడువు తీరిందంటే, మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్లే వీల్లేదు. రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టి నెలలైనా సరే, కొత్త కార్డు చేతికి రాకపోతే జీతం ఆగినట్టే. ఒకప్పుడు ఇంత కఠినంగా లేదు. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నప్పుడు పాత కార్డుకి 540 రోజుల దాకా పొడిగింపు దానంతటదే వచ్చేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకు ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు ఫైలు ఏ బల్ల మీదో ఆగితే ఆ దెబ్బ నేరుగా ఇంటి అద్దె మీద, పిల్లల డేకేర్ ఫీజు మీద పడుతోంది.

ఇలాంటప్పుడు మనవాళ్లు లాయరుకి మెయిల్ పెడతారు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి కార్డు ఎన్నాళ్లకు వచ్చిందో ఆరా తీస్తారు. పొద్దస్తమానం కేస్ స్టేటస్ చూసుకుంటారు. తామున్న నియోజకవర్గానికి ప్రతినిధుల సభలో ఒక సభ్యుడో సభ్యురాలో, రాష్ట్రానికి ఇద్దరు సెనెటర్లూ ఉన్నారనీ, వాళ్ల ఆఫీసుల్లో ఇలాంటి కేసులు చూడటానికే జీతమిచ్చి పెట్టుకున్న కేస్‌వర్కర్లు ఉంటారనీ, దీనికి పైసా ఖర్చు లేదనీ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా అడగరు. అడిగి తీరాలని ఈ వారం గట్టిగా చెప్పదలుచుకున్నాను.

అడగకపోవడానికి మొదటి కారణం, ‘మనకు ఓటు లేదు కదా, మన మాట ఎందుకు వింటారు’ అన్న సంకోచం. కానీ ఆ సీట్లు ఎలా పంచారో చూడండి. 1868లో అమల్లోకి వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ ప్రకారం ప్రతినిధుల సభలో రాష్ట్రాలకు సీట్లు పంచేది ఓటర్లను లెక్కబెట్టి కాదు, పౌరులను లెక్కబెట్టీ కాదు, అక్కడ నివసించే మనుషులందరినీ లెక్కబెట్టి. టెక్సస్‌కో న్యూజెర్సీకో ఉన్న సీట్ల లెక్కలో వీసా మీద ఉంటున్న మన పిల్లలూ ఉన్నారు. లెక్కకు పనికొచ్చిన మనిషి సాయం అడగడానికి పనికిరాకుండా పోతాడా? ప్రభుత్వానికి మొర పెట్టుకునే హక్కు అక్కడి మొదటి సవరణలోనే ఉంది. అది ప్రజల హక్కుగా రాసి ఉంది.

రెండో కారణం భయం. పైనుంచి అడిగిస్తే ఆఫీసరుకి కోపమొచ్చి ఫైలు తిరగ్గొడతాడేమోనని. మన ప్రభుత్వ ఆఫీసుల్లో దెబ్బతిన్న అనుభవం నుంచి పుట్టిన భయం ఇది, దాన్ని తప్పుపట్టలేను. కాకపోతే అక్కడ చట్టసభల నుంచి వచ్చే విచారణలకు జవాబివ్వడానికి ఇమిగ్రేషన్ సంస్థలోనే ప్రత్యేక సిబ్బంది ఉంటారు. రోజూ జరిగే పని.

ఈ విషయంలో గల్ఫ్ కుటుంబాలను చూసి నేర్చుకోవాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో చిక్కుకుపోతే, పెద్దగా చదువుకోని ఇల్లాలు కూడా పాస్‌పోర్టు నకలు పట్టుకుని ఎంపీ గుమ్మం ముందు నిలబడుతుంది. విదేశాంగ శాఖకు లేఖ రాయించుకునేదాకా కదలదు. 2015లో మదద్ పోర్టల్ వచ్చాక అందులో ఫిర్యాదు పెట్టించుకుంటున్నవాళ్లూ ఉన్నారు. రెండు డిగ్రీలున్న మన ఇంజనీర్లకు ఆ చొరవ ఎందుకు లేదన్నది నన్ను నిజంగా బాధపెట్టే ప్రశ్న.

అలాగని లేనిపోని ఆశలూ పెట్టుకోకూడదు. మన దగ్గర ఎమ్మెల్యే లేఖ అంటే తిరుమల బ్రేక్ దర్శనం గుర్తొస్తుంది. లేఖ ఉన్నవాళ్లు ముందు వెళతారు, లేనివాళ్లు కంపార్ట్‌మెంట్లో కూర్చుంటారు. అమెరికా ప్రతినిధి ఆఫీసు రాసేది అలాంటి సిఫారసు కాదు. అది వరుస దాటించదు, ఫలానావారికి మంజూరు చేయమని చెప్పదు. ఈ ఫైలు ఎక్కడుంది, ఎందుకు ఆగింది అని అడుగుతుంది. చాలాసార్లు కావలసింది అంతే. అదనపు కాగితాలు అడుగుతూ పంపిన నోటీసు పాత అడ్రసుకు పోయి ఉండొచ్చు. వేలిముద్రల పిలుపు అందకపోయి ఉండొచ్చు. సెక్యూరిటీ తనిఖీ ముగిసినా ఫైలు మళ్లీ ఎవరి ముందుకూ రాకపోయి ఉండొచ్చు. ఉద్యోగం పోయే పరిస్థితో, ప్రాణం మీదకొచ్చిన జబ్బో ఉంటే త్వరగా చూడమన్న అభ్యర్థనకు ఆ ఆఫీసు తోడు నిలుస్తుంది. ఇవేవీ ఫలించకపోతే ఏదో ఒక నిర్ణయం చెప్పమని సంస్థను ఆదేశించాలంటూ ఫెడరల్ కోర్టులో వేసే మాండమస్ దావా అనే ఖరీదైన దారి ఎలాగూ ఉంది.

గ్రీన్‌కార్డు క్యూ సంగతి వేరు. ఉద్యోగం ఆధారంగా ఇచ్చేవి ఏటా సుమారు 1,40,000. ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు సాధారణంగా 7 శాతానికి మించకూడదు. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో తేదీ కదలకపోతే ఏ సెనెటరూ కదిలించలేరు. అది చట్టం మారితేనే తీరే కష్టం. 2019 జూలైలో ఆ దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లుకు ప్రతినిధుల సభలో 365 మంది అవునన్నారు, 65 మంది కాదన్నారు. 2020 డిసెంబర్‌లో సెనెట్ మరో రూపంలో ఆమోదించింది. రెండు రూపాలకూ పొంతన కుదరక చట్టం కాలేదు.

అడిగే పద్ధతి కూడా చెప్పాలి. మనవాళ్లు చేసే పొరపాటు, భారత సంతతి సభ్యులను వెతుక్కుంటూ పోవడం. ‘రో ఖన్నా మనవాడే కదా’ అని డల్లాస్ నుంచి కాలిఫోర్నియాకు రాస్తే, మీ నియోజకవర్గంలో అడగమనే జవాబు వస్తుంది. మీరున్న చోటి సభ్యుడు ఏ పార్టీ అయినా, ఆయన పేరు మీ నోరు తిరగకపోయినా, మీ ప్రతినిధి ఆయనే. 1974 నాటి ప్రైవసీ చట్టం వల్ల మీ సంతకంతో అనుమతి పత్రం ఇవ్వనిదే వాళ్లు మీ ఫైలు గురించి అడగలేరు. దరఖాస్తుదారే సంతకం చేయాలి. భార్య కేసుకు భర్త సంతకం చాలదు. 13 అక్షరాల రిసీట్ నంబరు, తేదీల వారీగా ఏం జరిగిందో ఒక పేజీ, నష్టం చూపించే కాగితం జత చేయండి. మామూలుగా పట్టే కాలం దాటిపోయిందా అన్నది ఇమిగ్రేషన్ సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, ముందు వాళ్లకే విచారణ పెట్టుకుని, ఆ వివరం కూడా రాయండి. సభ్యుడినీ ఇద్దరు సెనెటర్లనూ ఒకేసారి పట్టుకుంటే ఒకే పని ముగ్గురు చేస్తారు, గందరగోళం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అమ్మకో నాన్నకో వీసా ఆపి ఉంచుతూ 221(జి) చీటీ ఇచ్చి నెలలు గడిచినా ఇదే దారి. ఇక్కడి ఎంపీ చుట్టూ తిరిగే బదులు, అక్కడున్న కొడుకో కూతురో తమ ప్రతినిధిని అడగాలి. వీసా ఇవ్వాలా వద్దా అన్నది కాన్సులర్ అధికారి ఇష్టమే, కానీ కేసు ఏ స్థితిలో ఉందో అడిగించుకోవచ్చు.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు తానా, ఆటా, నాట్స్ పెద్దలకు ఒక విన్నపం. మన సభలకు అమెరికా నాయకులను పిలిచి వేదిక మీద సత్కరిస్తాం, ఫొటోలు దిగుతాం. ఈసారి ఆ ఊరి సభ్యుడి ఆఫీసు నుంచి ఒక కేస్‌వర్కర్‌ను కూడా పూటపాటు పంపమని అడగండి. లైబ్రరీల్లో, టౌన్‌హాళ్లలో వాళ్లు ఇలా కూర్చోవడం ఉన్నదే. భోజనాల హాలు పక్కన ఒక బల్ల, అనుమతి పత్రాలు, ఒక ప్రింటరు, ఫారాలు నింపడానికి ఇంగ్లీషు తెలుగు రెండూ వచ్చిన ఇద్దరు వాలంటీర్లు ఉంటే సరిపోతుంది.